గోడ మనది, పెట్టె వాళ్ళది

ఆ ఇంటి వీధి గోడ వానకు చెమ్మెక్కింది. పెచ్చులు ఊడుతున్నాయి. పూత పూయించాలని అత్తాకోడళ్ళు అనుకున్నారు. సిమెంటు బస్తాలు వచ్చాయి. తెల్లారితే మేస్త్రి వస్తాడు.

ఆ గోడకు ఒక ఇనుప పెట్టె ఉంది. అది పాత టెలిఫోను పెట్టె. తుప్పు పట్టింది. మూత సగం ఊడింది. అందులోంచి నల్ల తీగలు వేలాడుతున్నాయి. ఒక తీగ మీద బట్టలు కూడా ఆరేస్తున్నారు.

పాత ఇనుప సామాన్లు కొనే అతను ఆ దారిన వచ్చాడు. పెట్టెను చూసి ఆగాడు.

"ఆ పెట్టె నాకిచ్చేయండమ్మా. తీగల్లో రాగి ఉంది. ఐదొందలిస్తాను. నేనే విప్పుకుపోతాను" అన్నాడు.

అత్త సంబరపడింది.

"మన ఫోను తీసేసి పదేళ్ళు దాటింది. ఈ తుక్కు మనకెందుకు? మేస్త్రి కూలిలో కొంత కలిసొస్తుంది. ఇచ్చేద్దాం" అంది.

కోడలు పెట్టె దగ్గరికి వెళ్ళింది. పెట్టె మీద తెల్ల రంగుతో అంకెలు రాసి ఉన్నాయి. సగం చెరిగిపోయాయి. కూడబలుక్కుని చదివింది. తర్వాత తీగల వంక చూసింది.

"మన ఫోను పోయింది సరే అత్తయ్యా. మరి ఈ తీగ ఎక్కడికి పోతోంది?" అంది.

తీగను చూసుకుంటూ నడిచింది. తీగ వేపచెట్టు పక్కగా పోయింది. వీధి దాటింది. నాలుగిళ్ళ అవతల పోస్టాఫీసులోకి వెళ్ళింది. కోడలు లోపలికి తొంగి చూసింది. బల్ల మీద ఫోను ఉంది.

"ఈ ఫోను పని చేస్తోందా అండీ?" అని అడిగింది.

"చేస్తోందమ్మా. పొద్దున్నే మాట్లాడాను" అన్నాడు పోస్టుమాస్టరు.

కోడలు ఇంటికి పరుగున వచ్చింది.

"అత్తయ్యా! మీకు పింఛను ఇచ్చే పోస్టాఫీసు ఫోను మన పెట్టెలోంచే పోతోంది. పెట్టె అమ్మితే ఆ ఫోను పోతుంది. ఆ మాట మన మీదికే వస్తుంది" అంది.

అత్త గతుక్కుమంది. "ఇప్పుడేమీ అమ్మం, పో నాయనా" అని అతన్ని పంపేసింది.

ఆ పెట్టె ఎవరిది?

గోడ ఇంటివాళ్ళది. పెట్టె టెలిఫోను సంస్థది.

ఊళ్ళలో ఫోను తీగలు లాగింది ప్రభుత్వమే. 1985 వరకు తంతి తపాలా శాఖ ఆ పని చూసింది. తర్వాత టెలికాం శాఖ చూసింది. 2000 అక్టోబరు 1 నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. చూస్తోంది. శాఖ పేరు మారినా, పాత పెట్టెలు, స్తంభాలు, తీగలు దిక్కులేని సొమ్ము కావు.

1885 నాటి తంతి చట్టం ప్రకారం, సంస్థకు మన స్థలాన్ని వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది. స్థలం మీద మరే హక్కూ రాదు. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఇదే చెబుతోంది. ఇంకో మాట కూడా చెబుతోంది. మన గోడకు బిగించినంత మాత్రాన పెట్టె మన ఇంటిలో భాగం కాదు. ఇల్లు అమ్మినా, పెట్టె అమ్మినట్టు కాదు.

అందుకని పెట్టెను విప్పి అమ్మకూడదు. అమ్మితే దొంగతనం కేసు కావచ్చు. దొంగసొమ్ము అని తెలిసి కొన్నా నేరమే.

అలాగని గోడ కూలేదాకా ఊరుకోనక్కర్లేదు. "మా గోడకు పని ఉంది, పెట్టెను మార్చండి" అని అడగవచ్చు.

పెట్టెలో ఏముంటుంది?

ఒక్కో ఫోనుకు రెండేసి తీగలు ఉంటాయి. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే లావు కేబులు పెట్టెలో విడిపోతుంది. అక్కడి నుంచి ఇంటింటికీ తీగలు పోతాయి. చాలా పెట్టెల్లో పది జతలు ఉంటాయి. తొమ్మిది జతలు పాడై, ఒక్కటి పని చేస్తుండవచ్చు. పైకి చూస్తే తెలియదు.

ఫోను తీగలోనూ కరెంటు ఉంటుంది. అది ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తుంది. మామూలుగా 48 వోల్టులు. ఫోను మోగేటప్పుడు 70 వోల్టులు దాటుతుంది. తడి చేత్తో ముట్టుకుంటే షాకు కొడుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి. వేలాడే తీగ గాలికి ఊగి కరెంటు తీగకు తగలవచ్చు. ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ఫోను తీగలోకి దిగుతుంది. ఆ తీగ మీద తడి బట్ట ఆరేస్తే ప్రాణమే పోవచ్చు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫోను తీగ మీద బట్టలు ఆరేయడం మానేశారు.

కొందరు రాగి కోసం తీగలు కాలుస్తారు. ఆ పొగ విషం. కొన్ని పాత కేబుళ్ళకు సీసం తొడుగు ఉంటుంది. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకు మరీ చెరుపు.

కోడలు ఏం చేసింది?

మేస్త్రితో మాట్లాడింది. "పెట్టె ఉన్న మూల వదిలెయ్యి. మిగతా గోడ పూర్తి చెయ్యి" అంది. రాత్రి కూర్చుని దరఖాస్తు రాసింది. రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి బాగా కుదిరింది.

*టెలిఫోను ఇంజనీరు గారికి,*

*అయ్యా,*

*మా ఇంటి వీధి గోడకు మీ టెలిఫోను పెట్టె ఉంది. పెట్టె నంబరు ............ మూత ఊడింది. తీగలు వేలాడుతున్నాయి. గోడకు పూత పని ఆగింది. మా ఊరి పోస్టాఫీసు ఫోను ఈ పెట్టె నుంచే పని చేస్తోంది. దయచేసి మీ మనిషిని పంపండి. పెట్టెను వేరే చోటికి మార్చండి. ఖర్చు ఏమైనా ఉంటే ముందుగా రాసి తెలపండి.*

*ఇట్లు,*
*సంతకం, ఇంటి నంబరు, ఊరు, తేదీ*

అదే దరఖాస్తును ఇంకో కాగితం మీద కూడా రాసింది. రెండూ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఒకటి వాళ్ళకిచ్చింది. రెండో దాని మీద సీలు, తేదీ వేయించుకుంది. దాన్ని రేషను కార్డుతో కలిపి భద్రంగా దాచింది.

కొన్నాళ్ళకు ఇద్దరు మనుషులు వచ్చారు. కోడలు వాళ్ళ గుర్తింపు కార్డులు అడిగి చూసింది. వాళ్ళు రోడ్డు పక్క స్తంభానికి కొత్త పెట్టె బిగించారు. పోస్టాఫీసు తీగను అందులోకి మార్చారు. పాత పెట్టె తీసుకుపోయారు. తీసుకుపోయినట్టు కాగితం రాసిచ్చారు.

అత్త ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఏం రాశారే?" అని అడిగింది. కోడలు చదివి వినిపించింది.

మర్నాడు మేస్త్రి వచ్చి మిగిలిన మూలకు పూత పూశాడు.

జవాబు రాకపోతే?

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. "ఫలానా తేదీన ఇచ్చిన నా దరఖాస్తు మీద ఏం చేశారు?" అని ఆ చట్టం కింద అడగవచ్చు. బి.ఎస్.ఎన్.ఎల్.కు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు రుసుము లేదు. రుజువు చూపాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గుర్తుంచుకోండి

1. వేలాడే తీగ ఏదైనా ముట్టుకోకండి. అది ఫోనుదో, కేబుల్ టి.వి.దో, కరెంటుదో చూసి చెప్పలేం.
2. తీగ కరెంటు తీగకు తగిలితే 1912కు ఫోను చేయండి. పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి.
3. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు తీగ ఫోనులో మాట్లాడకండి.
4. ఎవరైనా వచ్చి పెట్టె విప్పుతుంటే గుర్తింపు కార్డు అడగండి.
5. అటక మీద సంస్థ ఇచ్చిన పాత ఫోను ఉంటే అప్పగించి రసీదు తీసుకోండి. కట్టిన డిపాజిట్టు తిరిగి ఇవ్వమని అడగండి.

చదివి చెప్పండి

1. కోడలు తీగ వెంట ఎందుకు నడిచింది?
2. దరఖాస్తు రెండు కాగితాల మీద ఎందుకు రాసింది?
3. ఫోను తీగ మీద బట్టలు ఎందుకు ఆరేయకూడదు?

చేసి చూడండి

మీ వీధిలో నడవండి. గోడలకు, మిద్దెలకు ఉన్న పెట్టెలు లెక్కపెట్టండి. వాటి మీది అంకెలు పలక మీద రాయండి. మూత ఊడిన పెట్టె ఉంటే అందరూ కలిసి ఒక దరఖాస్తు రాయండి.