ఎక్కడ తేడా కొట్టిందో చెప్పగలరా?

ఫోన్‌లో పనోరమా మోడ్ పెట్టి చెయ్యి మెల్లగా తిప్పితే పొడవాటి ఫొటో వచ్చేస్తుంది. బాగా వస్తే సరే. ప్రహరీగోడ మధ్యలో విరిగినట్టో, నడిచి వెళ్తున్న మనిషికి మూడు కాళ్లున్నట్టో వస్తే ఏం చేస్తారు? మళ్లీ తీస్తారు. మళ్లీ అలాగే వస్తే ఫోన్‌ని తిడతారు. లోపల ఏం జరిగిందో తెలియనప్పుడు తిట్టడం తప్ప చేయగలిగింది ఏముంది?

ఉద్యోగాల్లోనూ చాలామందిది ఇదే వరస. అయితే అయింది, లేకపోతే ‘ఎక్కడో తేడా కొట్టింది సార్’. ఆ ‘ఎక్కడో’ని వేలు పెట్టి చూపించగలిగినవాళ్లకే ఏ ఆఫీసులోనైనా విలువ. ఈ అలవాటు పట్టుబడాలంటే నేనో వింత సలహా ఇస్తాను. కమాండ్ లైన్‌లో, అంటే మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసి, విడి ఫొటోల్ని కలిపి పనోరమాలు కుట్టడం నేర్చుకోండి. ఖర్చు లేదు, పెద్దగా ఇంగ్లిష్ కూడా అక్కర్లేదు.

జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న హెల్ముట్ డెర్ష్ 1998లో పనోరమా టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చారు. దాని మీద కట్టిందే హ్యూగిన్. మౌస్‌తో వాడుకునే తెర ఒకటి దానికుంది. కానీ వెనకాల చాకిరీ అంతా చిన్న చిన్న పనిముట్లది. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది. పీటీవో_జెన్ ఫొటోలన్నిటినీ ఒక ప్రాజెక్టు ఫైల్లోకి ఎక్కిస్తుంది. పక్కపక్క ఫొటోల్లో రెండింటా కనిపించే ఒకే కిటికీ మూలనో, ఒకే రాయినో వెతికి జతలు కట్టేది సీపీఫైండ్. పనికిరాని జతల్ని సీపీక్లీన్ ఏరేస్తుంది. కెమెరా ఏ ఫొటోకి ఎటు తిరిగి ఉందో ఆటోఆప్టిమైజర్ లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం ఒక్కో ఫొటోని వంచేది నోనా, అతుకు కనబడకుండా కలిపేది ఎన్‌బ్లెండ్.

ఒక మెట్టు అయ్యాక ఆగి చూడొచ్చు. ఇక్కడే ఉంది అసలు లాభం. ప్రాజెక్టు ఫైలు మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ‘ఐ’ అక్షరంతో మొదలయ్యే వరుస ఒక ఫొటో గురించి, ‘సి’తో మొదలయ్యేది ఒక బిందువుల జత గురించి చెబుతుంది. గోడ విరిగిందంటే ఏ రెండు ఫొటోల మధ్య విరిగిందో చూసి, వాటి మధ్య జతలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. మీ పనిని కూడా ఇలాగే మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టు దగ్గరా తెరిచి చూడగలిగేది ఒకటి మిగిలేలా చేసుకోండి. ‘రిపోర్ట్ తయారు చేయడం’ అనేది ఒక పని కాదు. అంకెలు తెచ్చుకోవడం, సరిచూసుకోవడం, రాయడం అని మూడు. మూడూ ఒకే రాత్రి ఒకే ఫైల్లో చేసేవాళ్లకి తప్పు దొరకదు.

సీపీక్లీన్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మనకి లేని గుణం దానికుంది: మొహమాటం లేకపోవడం. మబ్బులు కదులుతాయి, కొమ్మలు ఊగుతాయి, ఒకేలాంటి కిటికీలు నాలుగుంటే సీపీఫైండ్ పొరబడుతుంది. అలా వచ్చిన దొంగ జతలు మంచివాటిని కూడా తమ వైపు లాగేస్తాయి. సీపీక్లీన్ ప్రతి జతలో ఎన్ని పిక్సెళ్ల తేడా ఉందో కొలిచి, సగటు కన్నా ప్రామాణిక విచలనానికి రెండు రెట్లు మించి దూరంగా ఉన్నవాటిని తీసేస్తుంది. కష్టపడి వెతికినవి కదా అని జాలి పడదు. తీసెయ్యడానికి గీత ముందే గీసి పెట్టుకోవడం గొప్ప సుఖం. వదిలెయ్యాల్సిన పని ఎదురైన రోజున మనసుతో తగువు పడాల్సిన అవసరం ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫుల్లా అనే పనిముట్టు. వెడల్పు లెన్సుతో తీస్తే అంచుల్లోని స్తంభాలు ఉబ్బినట్టు వంగుతాయి. ఆ వంపుని మూడు అంకెలతో చెప్పొచ్చు. ఆ అంకెలిస్తే ఫుల్లా ఫొటోని నిటారు చేస్తుంది. లెన్సు తప్పు చేస్తుంది, కానీ ప్రతిసారీ అదే తప్పు, అదే కొలతలో. అదే లెన్సు, అదే జూమ్ దగ్గర అవే అంకెలు మళ్లీ పనికొస్తాయి. మన తప్పుల్లోనూ చాలావరకు ఈ బాపతే. రెండ్రోజుల్లో ఇస్తానని చెప్పి ప్రతిసారీ నాలుగో రోజు ఇచ్చే మనిషి తనని తాను తిట్టుకోవడం దండగ. మాటిచ్చే ముందు రెండుతో గుణిస్తే చాలు. మీటింగుల్లో అందరికన్నా ముందు నోరు జారేవాళ్లు మూడోవాళ్లు మాట్లాడాక మాట్లాడాలని నియమం పెట్టుకోవచ్చు. స్వభావం మారదా? మారకపోవచ్చు. సవరణ అంకె తెలిస్తే ఫొటో మాత్రం నిటారుగా వస్తుంది.

అయితే ఏ కమాండూ బాగు చేయలేనిది ఒకటుంది. చెయ్యి చాచి కెమెరాని మీ ఒంటి చుట్టూ తిప్పితే లెన్సు కూడా చోటు మారుతుంది. దాంతో దగ్గరున్న రెయిలింగు, దూరాన ఉన్న కొండ ఒకదానికొకటి జరిగిపోతాయి. ఆ తేడాని సాఫ్ట్‌వేర్ దాచగలదేమో గానీ పోగొట్టలేదు. తిరగాల్సింది మీరు కాదు, లెన్సు. అది ఉన్నచోటే తిరగాలి. తీసేటప్పుడు చెడగొట్టుకుని, ‘తర్వాత సరిచేద్దాంలే’ అనుకునేవాళ్లే ఆ తర్వాత రాత్రంతా కూర్చుంటారు.

ఇంకో మాట. టైప్ చేసిన కమాండ్లని అదే వరుసలో ఒక ఫైల్లో దాచుకోండి. అది వచ్చే నెల మీకు, ఆ తర్వాత మీ జూనియర్‌కి పనికొస్తుంది. మౌస్ క్లిక్కుల్ని అలా అప్పగించలేరు.

పనోరమా కోసం గండికోట దాకా పోనక్కర్లేదు, మీ డాబా చాలు. ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఒక్కోటి పక్కదాని మీద మూడో వంతు పడేలా ఆరు ఫొటోలు తీయండి. హ్యూగిన్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఈ ఆదివారం దించుకుని మొదట పీటీవో_జెన్ ఒక్కటే నడపండి. మిగతా కమాండ్ల జోలికి పోకుండా, అది రాసిన ఫైలు తెరిచి పైనుంచి కింది దాకా చదవండి.