రద్దీగల సహకార సంఘమునకు తగిన కంప్యూటరు ఏర్పాటు

సాగర్ ఎడమకాలువ క్రింద వరి కోతలన్నియు కొద్ది రోజుల తేడాతో వచ్చును. ఆ దినములలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కాలు పెట్టుటకు చోటుండదు. ఒక బల్లవద్ద ధాన్యపు తూకము రసీదులు, మరొక బల్లవద్ద ఎరువులు, ఇంకొక బల్లవద్ద పంట ఋణములు. ముగ్గురు గుమాస్తాలకు కంప్యూటరు ఒక్కటే అయినచో రైతు బారులో నిలువవలెను. కల్లములోని ధాన్యము మబ్బుల క్రింద పడియుండును.

కావున కంప్యూటర్లు ఎన్ని కొనవలెనను ప్రశ్నకు ముందు, గుమాస్తాలందరును ఒకే ఖాతాను ఎట్లు వ్రాయుదురో సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు ఆలోచింపవలెను. గిడ్డంగిలో 300 బస్తాల యూరియా ఉన్నదనుకొందము. మొదటి గుమాస్తా 40, రెండవవారు 25 అమ్మినారు. కంప్యూటర్లు దేనికది అయినచో ఒకదానిలో 260, రెండవదానిలో 275 నిలువ కనబడును. నిజముగా మిగిలినవి 235. రెండింటిని తీగతో కలిపినంతమాత్రమున ఈ చిక్కు తీరదు. ఇద్దరును ఒకేసారి 300 అను అంకెను తెరచి మార్చినచో, చివర వ్రాసినవారి 275 మాత్రమే నిలిచి, 40 బస్తాల అమ్మకము మాయమగును. ఒకరు పద్దు మార్చుచున్నంతసేపు రెండవవారిని క్షణకాలము ఆపి, పిమ్మట సరియైన నిలువ చూపునదే పలువురు వాడదగిన సాఫ్ట్‌వేరు.

అమ్మువారి రంగుల కాగితములలో ఈ సంగతి సాధారణముగా కనబడదు. కొనుటకు ముందే ఇద్దరిని రెండు కంప్యూటర్లవద్ద కూర్చుండబెట్టి, ఒకే నిలువనుండి ఒకేసారి బిల్లులు వ్రాయించుడు. తరువాత బిల్లు నడుమ కరెంటు ఆపించుడు. తిరిగి వెలిగించినపుడు ఆ పద్దు పూర్తిగా ఉండవలెను, లేదా అసలే ఉండరాదు. నిలువ తగ్గి బిల్లు లేకపోయినచో ఆ సరకును మొగమాటము లేక త్రిప్పి పంపుడు.

ఎందరికి స్థానములు కావలెనో మిక్కిలి రద్దీగల దినమునుబట్టి లెక్కింపవలెను. 6 గంటలలో 240 మంది వచ్చి, ఒక్కొక్కరికి 4 నిమిషములు పట్టినచో మొత్తము 960 నిమిషముల పని. ఒకరు చేయగలది 360 నిమిషములే. కనుక ముగ్గురు కావలెను.

సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు ఒక విచారణ అవసరము. సంఘముల కంప్యూటరీకరణకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 63,000 సంఘములకు రూ. 2,516 కోట్ల పథకమును ఆమోదించినది. ఇందులో ఉమ్మడి సాఫ్ట్‌వేరుతోపాటు పరికరములకును సహాయము కలదు. మీ సంఘము ఇందులో చేరినదో లేదో సూర్యాపేట, కోదాడవారు సూర్యాపేట జిల్లా సహకార అధికారిని, మిర్యాలగూడవారు నల్లగొండ జిల్లా అధికారిని అడుగవచ్చును. చేరిన సంఘము వేరుగా లెక్కల సాఫ్ట్‌వేరు కొనుట దండుగ.

ఇంటర్నెట్‌పై నడచు పద్ధతిలో కార్యాలయమున పెద్ద యంత్రము అక్కరలేదు గాని, నెట్ రెండు దారులలో ఉండవలెను: ఒకటి ఫైబరు, రెండవది సిమ్‌కార్డు. రెండును ఆగినచో వరుస సంఖ్యలు అచ్చువేసిన కాగితపు రసీదులు ఇచ్చి, నెట్ రాగానే అదే వరుసలో ఎక్కించుకొనవలెను.

లెక్కలు కార్యాలయములోనే ఉంచదలచినవారు ఒక సర్వరును వేరుగా నియమించవలెను. దానిపై ఎవరును బిల్లులు వ్రాయరాదు. కాటా దగ్గర ఎగురు ధాన్యపు దుమ్ముకు, వేసవి వేడికి దూరముగా లోపలి గదిలో ఉంచుట మేలు. యు.పి.యస్. సర్వరుకు పెట్టి, తీగలన్నియు కలియు చిన్న స్విచ్చు పెట్టెను మరచుట తరచుగా చూచుచున్నాము. దానికి కరెంటు పోయిన, సర్వరు వెలుగుచున్నను పని సాగదు.

ప్రతి గుమాస్తాకు వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఇవ్వవలెను. రైతు సొమ్ము వేరొకరి ఖాతాకు పోయినచో ఎవరి చేతిమీదుగా పొరపాటు జరిగినదో అపుడే తేలును. ప్రతి సాయంత్రము లెక్కల నకలు తీసి, మరొక భవనములో ఉంచుడు. నెలకొకసారి ఆ నకలును వేరొక కంప్యూటరులో తెరచి, ఏదైన ఒక రైతు ఖాతాను అతని రసీదులతో సరిచూడుడు.