కొండదారి మర్యాద

పాఠ్యభాగ పరిచయం

యాత్రలు అనేక విధాలు. పుణ్యం కోరి చేసేవి కొన్ని, జ్ఞానం కోరి చేసేవి కొన్ని, కేవలం దారిలోని ఆనందం కోసమే చేసేవి మరికొన్ని. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్పోర్ట్స్ కార్ల యజమానులు సంఘాలుగా ఏర్పడి, వారాంతపు సెలవులలో కొండసీమల మీదుగా జరిపే విహారయాత్ర ఈ మూడవ కోవకు చెందుతుంది. వేగానికై రూపొందిన వాహనం చేతిలో ఉన్నవారు నెమ్మదిగా నడపడం ఎందుకు నేర్చుకున్నారో, ఆ నేర్పు కోసం సమాజం ఎంతటి మూల్యం చెల్లించిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

చిన్న కారు – పెద్ద ముచ్చట

రెండవ ప్రపంచయుద్ధం ఇంకా ముగియని రోజులవి. 1944లో బోస్టన్ నగరంలో కొందరు అభిమానులు కలిసి ‘స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా’ అనే సంఘాన్ని స్థాపించారు. యుద్ధ సమయంలో ఇంగ్లండులో పనిచేసిన అమెరికా సైనికులు అక్కడి చిన్న స్పోర్ట్స్ కార్లను చూసి ముచ్చటపడ్డారు. అటువంటి కార్లలో ఎం.జి. సంస్థ 1945 నుండి 1949 వరకు తయారుచేసిన ‘టి.సి.’ నమూనా ప్రసిద్ధమైనది. ఇద్దరికే చోటు, పైన మడిచిపెట్టే గుడ్డ కప్పు, సన్నని పెద్ద చక్రాలు – ఇదీ దాని స్వరూపం. ఆనాటి అమెరికా కార్లు విశాలమైనవి, బరువైనవి. వాటిలో ప్రయాణం ఇంటి గదిలో కూర్చున్నట్లుండేది. ఈ చిన్న కారులోనైతే గాలి ముఖానికి తగిలేది, దారిలోని ప్రతి మలుపూ చేతికి తెలిసేది. ప్రయాణికుణ్ణి ప్రకృతికి దగ్గర చేయడమే ఈ వాహనంలోని ఆకర్షణ. దాని చుట్టూ క్లబ్బులు వెలిశాయి, వాటితోపాటు పందాలూ వెలిశాయి.

ఒక ఊరు నేర్చుకున్న గుణపాఠం

న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరు ఉంది. సరస్సు ఒడ్డున, కొండవాగుల నడుమ ఉన్న అందమైన ఊరు. 1948 అక్టోబరులో న్యాయశాస్త్ర విద్యార్థి కెమెరాన్ ఆర్గెట్సింగర్ చొరవతో అక్కడి వీధులలోనే కార్ల పందెం జరిగింది. ఊరి ప్రధాన వీధిలో మొదలై కొండల మీదుగా తిరిగి వచ్చే ఆ దారి పొడవు సుమారు 6.6 మైళ్లు. జనం వేలంవెర్రిగా వచ్చారు. ఏటేటా పందెం పెద్దదైంది, కార్ల వేగం పెరిగింది. వీధులు మాత్రం ఆ పాత వీధులే. ప్రేక్షకులు నిలబడినది దుకాణాల ముందున్న కాలిబాటల మీదనే.

1952లో ఒక కారు ప్రేక్షకుల మీదికి దూసుకుపోయింది. ఏడేళ్ల బాలుడు మరణించాడు, మరికొందరు గాయపడ్డారు. ఆ తరువాత ఊరి వీధులలో పందాలు జరగలేదు. మరుసటి సంవత్సరం పందేన్ని ఊరి వెలుపలి దారులకు మార్చారు. 1956లో పందాల కోసమే ప్రత్యేకమైన వలయమార్గాన్ని నిర్మించారు.

వేగం తప్పని నాడు ఎవరూ అనలేదు. వేగానికి వేరే చోటు కావాలని మాత్రం అందరూ గ్రహించారు. పందెపు వలయంలో ఎదురు వచ్చే వాహనం ఉండదు, అడ్డువచ్చే పసివాడు ఉండడు. ప్రజలు నడిచే దారి అటువంటిది కాదు. బడికి పోయే బాలుడూ, పాలు తెచ్చే రైతూ, స్పోర్ట్స్ కారు యజమానీ దానికి సమాన హక్కుదారులు. ఈ వివేకం కలిగినప్పుడే కార్ల క్లబ్బుల విహారయాత్ర పందెం నుండి విడివడి, వేరొక వినోదంగా నిలదొక్కుకోగలిగింది.

నీలిపర్వతాల మీదుగా

ఇటువంటి యాత్రలకు పేరుపొందిన మార్గం బ్లూ రిడ్జ్ పార్క్‌వే. వర్జీనియా, ఉత్తర కరోలినా రాష్ట్రాలలో అపలేచియన్ పర్వతశ్రేణి వెంట 469 మైళ్లు, అనగా సుమారు 755 కిలోమీటర్లు, సాగే దారి ఇది. దేశం ఆర్థికమాంద్యంలో కుంగిపోయి ఉన్నప్పుడు, నిరుద్యోగులకు పని కల్పించే ప్రణాళికలలో భాగంగా 1935లో దీని నిర్మాణం మొదలైంది. చివరి భాగం 1987లో పూర్తయింది. అంటే ఒక దారి వేయడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టిందన్నమాట.

ఈ దారిని ఊరి నుండి ఊరికి త్వరగా చేర్చడానికి వేయలేదు, కొండల అందాన్ని చూపడానికి వేశారు. సరకుల లారీలకు ఇందులో ప్రవేశం లేదు. ప్రకటనల బోర్డులు లేవు. పెట్రోలు బంకులు కూడా లేవు, ఇంధనం కావాలంటే దారి దిగి సమీపంలోని ఊరికి పోవలసిందే. ఎక్కువ భాగంలో వేగపరిమితి గంటకు 45 మైళ్లు, అనగా సుమారు 72 కిలోమీటర్లు. అడుగడుగునా కారు ఆపి లోయలను చూడడానికి వీలుగా చదునుచేసిన స్థలాలున్నాయి. ఈ దారిలో 26 సొరంగాలు ఉన్నాయి. మార్గంలో అత్యున్నత స్థానం సముద్రమట్టానికి 6,053 అడుగుల ఎత్తున ఉంది.

దూరం నుండి చూస్తే ఈ కొండలు నీలంగా కనిపిస్తాయి. అక్కడి చెట్ల ఆకులు విడిచే ఐసోప్రీన్ అనే పదార్థం గాలిలో కలిసి పలుచని పొగమంచు వంటి తెరను ఏర్పరుస్తుంది. ఆ తెరలో వెలుగు చెదరినందువలన కొండలకు నీలివర్ణం అబ్బింది. అక్టోబరు వచ్చేసరికి అదే అడవి పసుపు, నారింజ, ఎరుపు రంగులు దాలుస్తుంది. విహారయాత్రలకు అది మంచి అదను.

గ్రాండ్‌ఫాదర్ పర్వతం దగ్గర ఉన్న లిన్ కోవ్ వంతెన ఈ మార్గానికి మకుటం వంటిది. పర్వతసానువును పగులగొట్టి దారి వేస్తే అక్కడి పురాతన శిలలు, వృక్షసంపద నాశనమవుతాయని ఇంజనీర్లు 1,243 అడుగుల వంతెనను కొండను ఆనుకొని వంపులు తిరిగేలా నిర్మించారు. ముందుగా పోతపోసిన 153 కాంక్రీటు ఖండాలను ఒకదాని తరువాత ఒకటి జోడించుకుంటూ, కట్టిన భాగం మీద నిలిచే తరువాతి భాగాన్ని కట్టారు. నేల మీద స్తంభాల పునాదులకు తప్ప తవ్వకం జరగలేదు. కొండను జయించినట్లు కాక, కొండను బ్రతిమాలుకొని పోయినట్లుంటుంది ఆ వంతెన.

ప్రకృతి కూడా తన బలాన్ని అప్పుడప్పుడు చాటుతుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఉత్తర కరోలినా కొండలను అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగిపడి, వేలాది వృక్షాలు కూలి, దారిని మూసివేయవలసి వచ్చింది. తరువాత దశలవారీగా కొన్ని భాగాలను తెరిచారు. దారి శాశ్వతం కాదనీ, దానిని నిలబెట్టే చేతులు ఎన్నో ఉన్నాయనీ ఆ తుపాను గుర్తుచేసింది.

జట్టుగా నడిచే విధం

శనివారం ఉదయం సభ్యులు నిర్ణీత స్థలంలో కలుసుకుంటారు. టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు, బ్రేకుల పనితీరు సరిచూసుకుంటారు. యాత్రకు ఒక నాయకుడు ఉంటాడు. ఆయన కారు అన్నింటికంటే ముందు, అనుభవజ్ఞుడైన మరొకరి కారు అన్నింటికంటే చివర నడుస్తాయి. వెనుకబడినవారిని, కారు చెడి ఆగిపోయినవారిని కనిపెట్టుకొని ఉండడం చివరివాని బాధ్యత. మలుపు తిరగవలసిన ప్రతి కూడలి దగ్గరా, తన వెనుక కారు కనిపించేదాకా ముందువాడు ఆగాలి.

కార్లు ఎక్కువైతే చిన్న చిన్న జట్లుగా విడదీస్తారు. దీనికి కారణం ఉంది. పొడవైన వరుసలో ముందు కారు ఒక మలుపు దగ్గర కొద్దిగా వేగం తగ్గిస్తే, వెనుకవారు ఒక్కొక్కరూ అంతకంటే ఎక్కువగా తగ్గిస్తారు. మలుపు దాటాక ఏర్పడిన ఎడాన్ని పూడ్చడానికి చివరివారు ముందువారికంటే వేగంగా పోవలసి వస్తుంది. నాయకుడు నెమ్మదిగానే నడిపినా, చివరివాడు ప్రమాదపుటంచున నడుపుతూ ఉండవచ్చు. ‘నేను జాగ్రత్తగానే ఉన్నాను కదా’ అనుకోవడం జట్టు నాయకునికి చాలదు. తన వేగం తన వెనుకవానికి ఏమవుతుందో కూడా అతడు ఆలోచించాలి.

ఇక్కడ భౌతికశాస్త్రం ఒక మాట చెబుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 20 మీటర్లు దాటుతుంది. ఎదుట ఆటంకాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే, ఆ లోపే 20 మీటర్లు గడిచిపోతాయి. వేగం రెట్టింపయితే, బ్రేకు పడిన తరువాత కారు ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. మలుపు ఆవల ఏమున్నదో కంటికి కనబడనప్పుడు, ఎంత గొప్ప కారైనా ఈ లెక్కను మార్చలేదు.

సారథ్యమంటే

1989లో జపానుకు చెందిన మాజ్డా సంస్థ ‘ఎం.ఎక్స్.-5’ అనే చిన్న రెండు సీట్ల కారును విడుదల చేసింది. పాత ఇంగ్లీషు కార్ల తేలికదనాన్ని అది తిరిగి తెచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. దాని రూపకర్తలు ‘జిన్బా ఇట్టై’ అనే జపాను నానుడిని ఆదర్శంగా తీసుకున్నారు. రౌతు, గుర్రం ఒకే శరీరం కావడమని దాని భావం.

ఈ భావం మనకు కొత్తది కాదు. నన్నయభట్టారకుడు తెనిగించిన అరణ్యపర్వభాగంలో నలోపాఖ్యానం ఉంది. అశ్వహృదయం ఎరిగిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజుకు సారథియై విదర్భకు రథం తోలాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది. రథాన్ని ఆపమని రాజు అనేలోగానే అది యోజనదూరం వెనుకబడిపోయిందట. రథవేగాన్ని చాటే ఈ ఘట్టం అందరికీ గుర్తుంటుంది. దాని తరువాతి ఘట్టాన్ని కూడా మనం గమనించాలి. రాజు దారిలోని తాండ్ర చెట్టును చూసి దాని ఆకులను, కాయలను లెక్కకట్టి చెప్పాడు. అంతటి తొందరలోనూ నలుడు రథాన్ని నిలిపివేసి, ఆ లెక్క నిజమో కాదో స్వయంగా చూసుకున్నాడు. ఆ నిలుపుదల ఫలితంగానే అతనికి అక్షహృదయ విద్య లభించింది, కలి అతనిని విడిచిపోయాడు. రథాన్ని పరుగెత్తించడంలోనే కాక నిలపడంలోనూ సారథి నేర్పు తెలుస్తుంది.

మన దారులు

మనకూ కొండదారులున్నాయి. అమెరికాలో ఆ క్లబ్బు పుట్టిన 1944లోనే తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు ఏర్పడింది, 1974లో రెండవది వచ్చింది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి మరొకటి కావడంతో మలుపులలో ఎదురెదురుగా వాహనాలు తటస్థపడే ప్రమాదం తొలగింది. నిర్ణీత సమయానికి ముందే గమ్యం చేరిన వాహనానికి జరిమానా విధించే పద్ధతి కూడా అక్కడ అమలులోకి వచ్చింది. త్వరగా చేరడమే తప్పుగా లెక్కించే దారి అది.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. నూటికి డెబ్బైకి పైగా మరణాలకు అతివేగమే కారణమని ప్రభుత్వ నివేదిక తెలిపింది. మరణించినవారిలో మూడింట రెండు వంతులు పద్దెనిమిది, నలభై అయిదేళ్ల మధ్య వయస్కులు. చదువు ముగించి, మొదటి జీతంతో మొదటి వాహనం కొనే వయసు కూడా అందులోనిదే.

వేగాన్ని ప్రేమించడం యౌవనానికి సహజం. ఆ ప్రేమను చంపుకోనక్కరలేదు. పందెపు వలయంలో దానికి చోటుంది. ప్రజల దారి మీదికి వచ్చినప్పుడు మాత్రం, ముందు పోయేవానికి వెనుకవాని క్షేమం పట్టాలి, మలుపు ఆవల ఉన్న అపరిచితుని ప్రాణం పట్టాలి. కొండదారి మర్యాద అంటే ఇదే. ఊరి దారికీ మర్యాద ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

గుణపాఠం = అనుభవం వలన నేర్చుకున్న నీతి
అదను = తగిన సమయం
సానువు = కొండచరియ
ఎడం = రెండింటి మధ్య దూరం
ఉత్తరీయం = పైబట్ట
అక్షహృదయం = పాచికల ఆటలోని మర్మం తెలిసిన విద్య

అభ్యాసం

అ) సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. వాట్కిన్స్ గ్లెన్‌లో వీధి పందాలు ఎందుకు ఆగిపోయాయి?
2. లిన్ కోవ్ వంతెన నిర్మాణంలోని ప్రత్యేకత ఏమిటి?
3. కార్ల వరుసను చిన్న జట్లుగా ఎందుకు విడదీస్తారు?

ఆ) విపులంగా సమాధానం రాయండి.
1. ‘వేగానికి వేరే చోటు కావాలి’ అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. నలుని సారథ్యం నేటి వాహనచోదకులకు ఏ విధంగా ఆదర్శమో వివరించండి.

ఇ) మీ ఊరిలో ప్రమాదకరమైన ఒక మలుపును గుర్తించి, అక్కడ తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి పురపాలక సంఘం లేదా గ్రామపంచాయతీ అధికారికి లేఖ రాయండి.