ఆవు మేత – పాల దిగుబడి

మన హాస్టల్లో చదివే చాలామంది ఇళ్లలో ఒకటో రెండో పాడి పశువులు ఉంటాయి. మా ఇంట్లో జెర్సీ సంకర జాతి ఆవు ఉంది. దాని పాల డబ్బులతోనే నా నోటు పుస్తకాలు, బట్టలు కొంటారు.

ఒకసారి మా వీధిలో పెళ్లి జరిగింది. మిగిలిన అన్నం పారవేయడం ఎందుకని అమ్మ రెండు బకెట్లు ఆవుకు పెట్టింది. తెల్లవారేసరికి ఆవు నెమరు మానేసింది. పొట్ట ఉబ్బింది. చుక్క పాలు చేపలేదు. పశువుల డాక్టరు గారు వంట సోడా నీళ్లు తాగించి, సెలైన్ ఎక్కించి బతికించారు. కానీ ఆ ఈతలో మళ్లీ మునుపటి పాలు రాలేదు. ప్రేమతో పెట్టిన తిండి ఎందుకు ముప్పు తెచ్చింది?

ఆవు పొట్టలో నాలుగు అరలుంటాయి. వాటిలో పెద్దది రూమెన్. గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. రూమెన్‌లో ఉండే కోట్లాది సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. పీచు పులిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది. పాలలో వెన్నకు అదే ఆధారం. గింజల పిండి నుండి ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది. అది కాలేయంలో గ్లూకోజుగా మారి పాల పరిమాణాన్ని పెంచుతుంది. అందుకే గడ్డి తగ్గితే వెన్న శాతం పడిపోతుంది, దాణా తగ్గితే పాలు తగ్గుతాయి.

అన్నం ఒక్కసారిగా ఎక్కువైతే లాక్టిక్ ఆమ్లం పెరిగి, పీచును అరిగించే జీవులు చనిపోతాయి. గడ్డిని నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలం ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మెత్తని అన్నానికి అంత నెమరు ఉండదు. మా ఆవుకు జరిగింది ఇదే.

గుర్తుంచుకోవలసినవి:

1. శరీర పోషణకు రోజుకు 1 నుండి 1.5 కిలోల దాణా, ఆపైన ప్రతి 2.5 లీటర్ల పాలకు మరో కిలో ఇవ్వాలి. గేదెకైతే ప్రతి 2 లీటర్లకు ఒక కిలో.
2. దాణాలో నూకలు, తవుడు, వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్కతో పాటు ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. బూజు పట్టిన చెక్క పెట్టరాదు.
3. ఎండుగడ్డి, పచ్చిగడ్డి రెండూ వేయాలి. వానలు లేక వాడిన లేత జొన్న మేపితే నాము విషంతో పశువు చనిపోవచ్చు.
4. కొత్త మేతను వారం పది రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి.

మిత్రులారా! మనం మేత వేసేది ఆవుకే కాదు, దాని పొట్టలోని జీవులకు కూడా. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి మీ అమ్మానాన్నలకు తప్పక చెప్పండి.