విద్యార్థుల చేత సంస్థలకు ప్రాజెక్టులు చేయించడం



బయటి సంస్థకు విద్యార్థులు చేసిపెట్టే ప్రాజెక్టులో సంస్థకు పనికొచ్చే ఫలితం కావాలి, విద్యార్థికి చదువు కావాలి. రెండూ దెబ్బతినకుండా చూడడం గైడ్ బాధ్యత. అందుకు ఆధారం, పని మొదలయ్యే ముందే ఎంత చేస్తారో తేల్చుకుని ఆ హద్దు మీద నిలబడడం.

ఈ పద్ధతికి మంచి నమూనాలున్నాయి. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ 1963లో ‘క్లినిక్’ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. కంపెనీ ఇచ్చిన సమస్య మీద విద్యార్థుల జట్టు విద్యా సంవత్సరమంతా పనిచేస్తుంది. ఒక విద్యార్థి నాయకత్వం వహిస్తాడు, ఒక అధ్యాపకుడు సలహా ఇస్తాడు, కంపెనీ మనిషి ఒకరు జట్టుతో మాట్లాడుతుంటారు. పిలానీలోని బిట్స్ 1973లో ‘ప్రాక్టీస్ స్కూల్’ ప్రారంభించి విద్యార్థులనే సంస్థల్లోకి పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ చేరింది. ఇక హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలే కాదు, ఊళ్లోని రైస్ మిల్లు, ఆసుపత్రి, సహకార సంఘం కూడా విద్యార్థికి పని చూపించే చోట్లే.

మొదటి మెట్టు సమస్యను ఎంచుకోవడం. ఆలస్యమైతే వ్యాపారం ఆగిపోయే పని విద్యార్థులకు అప్పగించకూడదు. పూర్తయితే మేలు, కాకపోయినా నష్టం లేని పని తగినది. మిల్లులో ధాన్యం నిల్వల రిజిస్టర్‌ను కంప్యూటర్‌కెక్కించడం ఒక సెమిస్టర్‌లో అయ్యే పని. మిల్లు లెక్కలన్నీ మార్చేయడం కాదు.

రెండోది కాగితం. ఏం చేసిస్తారు, ఏం చేయరు, ఎప్పటికి ఇస్తారు, సమాచారం ఎవరిస్తారు అన్నవి ఒక పేజీలో రాసి సంతకాలు చేయాలి. విద్యార్థుల సందేహాలకు జవాబు చెప్పే మనిషి పేరు అందులో తప్పక ఉండాలి. జవాబు రాక వారాలు గడిస్తే ఎంత తెలివైన జట్టయినా చతికిలపడుతుంది. హక్కుల సంగతీ అక్కడే తేలాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. విద్యార్థి ఉద్యోగి కాడు కాబట్టి అతను రాసిన ప్రోగ్రాం మీద హక్కు సంస్థకు దక్కాలంటే అతని సంతకంతో రాతపూర్వక బదిలీ ఉండాలి. ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే సమాచారం జట్టు చేతికి రావాలి.

మూడోది నడిపించడం. వారానికోసారి సమావేశం, దాని తీర్మానాలను విద్యార్థే రాయడం తప్పనిసరి. సంస్థ మధ్యలో కొత్త కోరిక కోరితే దానికి బదులు ఒప్పుకున్న పనుల్లో ఒకటి తగ్గాలి. కాదనడం పిల్లలకు కష్టం. ఆ మాట గైడే చెప్పాలి. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి పనిచేసే నమూనా ఒకటి వాడేవాళ్ల ముందుండాలి. జట్టులో ఎవరి లాగ్ బుక్ వారిదే. పనిచేయని సభ్యుడి సంగతి మొదటి నెలలోనే బయటపడాలి. వైవా రోజున తెలిస్తే దిద్దడానికి సమయం ఉండదు.

మార్కులు గైడ్ చేతిలోనే ఉండాలి. సంస్థ అభిప్రాయం తీసుకోవాలి, నిర్ణయం దానికి వదలకూడదు. సంస్థ మనసు మార్చుకుని తప్పుకున్నా, ప్రయత్నం ఫలించకపోయినా, శ్రద్ధగా చేసి ఎందుకు కాలేదో వివరించగల విద్యార్థికి న్యాయంగా మార్కులు రావాలి. ఆ భరోసా లేనిచోట పిల్లలు బజారులో తయారు ప్రాజెక్టులు కొనుక్కుంటారు.

పిల్లలు ఉచిత కూలీలు కారు. కనీసం రాకపోకల ఖర్చయినా సంస్థ భరించాలి.

చివరిది అప్పగింత. ప్రోగ్రాం, పాస్‌వర్డులు, వాడే తీరు చెప్పే తెలుగు పుస్తకం, ఇక మీదట చూసుకునే వ్యక్తి పేరు — ఇవన్నీ సంస్థకు చేరాలి. మిల్లు గుమాస్తా ఎవరి సాయమూ లేకుండా ఒక రోజు లెక్క ఎక్కించగలిగితే అప్పగింత పూర్తయినట్టు.