సిక్కోలు పెరట్లో ఆపిల్ కాస్తుందా?
సందేహాలు - సమాధానాలు

సందేహం: మా మనవడు ఆపిల్ తిని, గింజలు కుండీలో పాతాడు. మూడు మొలిచాయి. ఒకటి మోకాలెత్తు దాటింది. కాయలు కాస్తుందా?
- ఒక తాతగారు, ఆమదాలవలస

సమాధానం: ఆశ పెట్టుకోకండి. టెంక నుంచి వచ్చిన మామిడి తల్లి చెట్టులా కాయనట్టే, గింజ నుంచి వచ్చిన ఆపిల్‌కూ తల్లి గుణం రాదు. పైగా బజారులో దొరికే పండ్లు ఎక్కువగా చలి ప్రాంతాల రకాలవి. రెడ్ డెలిషియస్ వంటి రకాల మొగ్గ విచ్చుకోవాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు తగలాలి. మన తీరంలో సంక్రాంతి రాత్రుల్లో కూడా 15 డిగ్రీలకు అటూఇటూనే ఉంటుంది. మొక్కను పెంచుకోనివ్వండి, పిల్లవాడి ముచ్చట తీరుతుంది. కాయ కావాలంటే మాత్రం పక్కన ఒక అంటు మొక్క నాటండి.

సందేహం: ఆ అంటు మొక్కల్లో మన ఎండలకు తట్టుకునే రకాలు ఏవి?
- ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

సమాధానం: మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది హెచ్‌ఆర్‌ఎంఎన్-99. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఇంట్లో తిని పారేసిన గింజల్లోంచి మొలిచిన చెట్టే దీనికి మూలం. లక్షల్లో ఒక గింజకు పట్టే అదృష్టం అది. 40 డిగ్రీల ఎండల్లోనూ కాస్తున్నందుకే దీనికి పేరొచ్చింది. ఆయనకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు. రెండోది ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, మూడోది బహామాస్ దీవుల్లో దొరికిన డార్సెట్ గోల్డెన్. ఈ రెండూ ఒకేసారి పూస్తాయి, ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అక్కరకొస్తుంది. అందుకే అన్నా ఒక్కటే నాటకండి, జంటగా నాటండి.
కొనేటప్పుడు కాండం మీద అంటు కట్టిన వంకర ఉందో లేదో చూడండి. నాటాక అది మట్టికి జానెడు పైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తుంచేయండి.

సందేహం: అంటు మొక్క నాటి నాలుగేళ్లయింది. గత్తం, యూరియా, రోజూ నీళ్లు, ఏ లోటూ చేయలేదు. ఏపుగా పెరిగింది గానీ ఒక్క పువ్వూ పూయలేదు.
- ఒక విశ్రాంత ఉద్యోగి, బొబ్బిలి

సమాధానం: లోటు చేయకపోవడమే లోటయింది. ఆపిల్ ఏటా ఆకు రాల్చి కొంతకాలం నిద్రపోవాలి. మీ చెట్టు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంది. చలి చేయని పని మీ చేతులే చేయాలి.
యూరియా మానేయండి. డిసెంబరు మొదట్లో నీళ్లు ఆపండి. నెల మధ్యకు వచ్చాక ఆకులన్నీ తీసేయండి. గుంజి పీకితే ఆకు మొదట్లో ఉన్న మొగ్గ ఊడిపోతుంది. అందుకే కత్తెరతో కత్తిరించి తొడిమ చెట్టుకే ఉంచండి, అది తర్వాత తానే రాలిపోతుంది. నిట్టనిలువుగా లేచిన కొమ్మలను పురికొసతో వంచి నేలలో మేకుకు కట్టండి. వంగిన కొమ్మకే పూత ఎక్కువ. తర్వాత పాదులో గత్తం వేసి, నిండా నీళ్లు పెట్టండి. అన్నీ కుదిరితే జనవరిలో మొగ్గలు కదులుతాయి. గుత్తికి రెండు పిందెలే ఉంచండి. కాయ జూన్‌కు అందుతుంది. మన రాత్రులు వెచ్చన కాబట్టి పూర్తిగా ఎరుపెక్కదు, పసుపు మీద ఎర్రని జీర ఉంటుంది.
ఇండోనేషియాలోని జావా దీవిలో, బాతు అనే కొండ ఊళ్లో రైతులు ఇలా ఆకు దూసే ఏడాదికి రెండు కాపులు తీస్తున్నారు.

సందేహం: మాది ఉద్దానం, ఇసుక నేల. గాలికి కొబ్బరే నిలవలేదు, ఆపిల్ నిలుస్తుందా?
- ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం

సమాధానం: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చేసిన నష్టం చూసినవారు మీరు, మీ భయం సహజం. ఆపిల్‌ను ఆరడుగులకు మించి పెరగనివ్వకండి. ఇంటి గోడ చాటున, సముద్రపు గాలి నేరుగా తగలని చోట నాటండి. రెండు వైపులా ఊతకర్రలు పాతి, కాండాన్ని గోనెపట్టీతో వదులుగా కట్టండి. ఇసుకలో నీరు నిలవదు కాబట్టి రెండడుగుల గొయ్యి తీసి, చెరువు మట్టి, గత్తం సగం సగం కలిపి నింపండి. పాదు మీద వరిగడ్డి పరవండి. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలకపోతే చెదలు పడతాయి.

సందేహం: కాండానికి పడమటి వైపు బెరడు పగిలి జిగురు కారుతోంది.
- ఒక గృహిణి, పార్వతీపురం

సమాధానం: మధ్యాహ్నం ఎండ దెబ్బ అది. పాడైన బెరడును చాకుతో శుభ్రంగా చెక్కేసి, బోర్డో ముద్ద పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే కలపండి. తర్వాత తుత్తం నీటిని సున్నంలో పోస్తూ కలియబెట్టండి. మెరిసే ఇనుప మేకును నిమిషం ముంచి చూడండి. ఎర్రగా పూత పడితే ఇంకొంచెం సున్నం కలపాలి. ఏటా వేసవికి ముందే కాండానికి సున్నం కొడితే ఈ బాధ రాదు.

సందేహం: సీతంపేట దగ్గర మా మావయ్య ఎకరం జీడితోట తీసేసి ఆపిల్ వేస్తానంటున్నారు. వద్దనాలా?
- ఒక విద్యార్థి, పాలకొండ

సమాధానం: ఆగమని చెప్పండి. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు ఆపిల్ పండించి 2020లో వార్తల్లోకి వచ్చారు. మన చింతపల్లి, లంబసింగి వైపు కూడా హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేశారు. అయితే, కాయడం వేరు, గిట్టడం వేరు. జీడి వానాధారంగా బతికేస్తుంది. ఆపిల్‌కు వేసవంతా నీరు కావాలి, డిసెంబరులో చెట్టు చెట్టుకూ ఆకు దూసే కూలీలు కావాలి. మావయ్యగారిని నీటి వసతి ఉన్న చోట ఐదు మొక్కలు వేయమనండి. పూత తేదీ, కాయల లెక్క, వ్యాపారి ఇచ్చిన ధర మూడు కాపుల పాటు రాసుకుని, ఆ కాగితంతో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లమనండి. అప్పటిదాకా జీడిచెట్ల మీద గొడ్డలి పడనివ్వకండి.