గుమ్మానికి గుడ్డ తోరణం

వానలు తగ్గాయి. ఆశ్వయుజ మాసం వచ్చింది. ఆశ్వయుజం, కార్తీకం - ఈ రెండు నెలలూ శరదృతువు. ఆకాశం తేటగా ఉంటుంది. బంతి మొక్కలు పూస్తాయి. దసరా, దీపావళి రెండూ ఆశ్వయుజంలోనే వస్తాయి. రెంటికీ మధ్య ఇరవై రోజులే తేడా. వరి ఇంకా చేలోనే ఉంటుంది. చేతిలో డబ్బు ఉండదు. ఖర్చు మాత్రం ఆగదు.

ఒక ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు. ఇద్దరూ కూలికి వెళ్తారు. కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కిందటేడు పండక్కి తెచ్చిన అప్పు సంక్రాంతి దాకా తీరలేదు. అందుకని ఈ ఏడు అప్పు చెయ్యకూడదని ఇద్దరూ అనుకున్నారు.

సంతలో ప్లాస్టిక్ తోరణం చూసి పిల్ల మారాం చేసింది. ధర అడిగితే 150 రూపాయలన్నాడు. కోడలు బేరమాడలేదు. 40 రూపాయలు పెట్టి ఆకుపచ్చ నూలు జాకెట్టు ముక్క ఒకటి కొంది. 10 రూపాయలకి దారం కొంది. వచ్చే దారిలో టైలరు కొట్టు దగ్గర ఆగింది. పసుపు, నారింజ రంగు గుడ్డముక్కలు ఏరుకుంది. టైలరు వాటికి డబ్బు తీసుకోలేదు. ఎలాగూ ఊడ్చి పారేసేవే కదా.

"గుడ్డతో తోరణమేంటే? పచ్చి మామిడాకు లేకుండా పండగేంటి?" అంది అత్త.

"పండగనాడు మామిడాకూ కడదాం అత్తా. అది రెండు రోజులకే వాడిపోద్ది. ఇది దీపావళి దాకా ఉంటది" అంది కోడలు.

అత్త ఇంకేం అనలేదు. ఆమె బొంతలు కుట్టడంలో ఆరితేరింది. పాతచీరలు పొరలు పొరలుగా పరిచి, గట్టి కుట్టు వేసి, ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టింది. గుడ్డ కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

ముందు గుమ్మం కొలవాలి. అత్త మూర వేసింది. "రెండు మూరలు" అంది. మూర అంటే 18 అంగుళాలు. రెండు మూరలంటే 36. కోడలు టేపు పెట్టి చూసింది. 35 వచ్చింది. మనిషికో మూర ఉంటుంది. టేపు అందరికీ ఒకటే.

కోడలు పలక మీద లెక్క వేసింది. ఆకు వెడల్పు 3 అంగుళాలు. ఆకుకీ ఆకుకీ మధ్య సందు 1 అంగుళం. 9 ఆకులు వేస్తే 27 అంగుళాలు. వాటి మధ్య సందులు 8. మొత్తం 35. గుమ్మానికి సరిపోయింది.

కొత్త నూలుగుడ్డను కొయ్యక ముందే తడపాలి. మొదటిసారి తడిసినప్పుడు అది కుంచించుకుపోతుంది. కుట్టాక తడిపితే ఆకులు వంకర తిరుగుతాయి. రంగు కూడా చూడాలి. తడి గుడ్డ మీద తెల్లగుడ్డ పెట్టి రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. ముక్క కొన్నప్పుడు పొడవు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. తడిపి ఆరేశాక 31 అయింది. వెడల్పు 36 ఉంది.

ఆకు 3 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు రావాలి. కుట్టులోకి చుట్టూ అర అంగుళం పోతుంది. కాబట్టి 4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ముక్కలు కొయ్యాలి. ఆకుకి రెండు పొరలు. 9 ఆకులకి 18 ముక్కలు. వరసకి 9 చొప్పున రెండు వరసల్లో వచ్చేశాయి. 16 అంగుళాల గుడ్డ అయింది. ఇంకా 15 మిగిలింది.

"ఇంకో తోరణం వచ్చేదే అత్తా. అంగుళం తక్కువైంది" అని కోడలు ఉసూరుమంది.

"వరసకి అరంగుళం తగ్గించి కొయ్యి. ఆకు ఆమాత్రం పొట్టిదైతే ఎవరు చూస్తారే?" అంది అత్త.

నిజమే. పదిహేనులో సగం ఏడున్నర. రెండో తోరణం కూడా వచ్చింది.

ఇక కుట్టడం. అట్టముక్కను మామిడాకు ఆకారంలో కత్తిరించి గుడ్డ మీద పెట్టి గీత గియ్యాలి. పైన వెడల్పు, కింద మొన ఉండాలి. రెండు ముక్కల మంచి వైపులు లోపలికి పెట్టి, గీత వెంట దగ్గర దగ్గరగా కుట్టాలి. పై భాగం కుట్టకుండా వదిలెయ్యాలి. మొన దగ్గర అదనపు గుడ్డ కత్తిరించి, అప్పుడు తిరగెయ్యాలి. ఆ గుడ్డ తియ్యకపోతే మొన మొద్దుగా వస్తుంది. కోడలి మొదటి రెండు ఆకులూ అలాగే వచ్చాయి. అత్త విప్పించి మళ్ళీ కుట్టించింది. తర్వాత ఆకుల్ని చిక్కటి గంజిలో ముంచి నీడన ఆరేశారు. కొంచెం తడి ఉండగానే, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేశారు. ఆకులు బిరుసుగా నిలబడ్డాయి.

బంతిపువ్వు చెయ్యడం సులువు. 2 అంగుళాల వెడల్పు, మూరెడు పొడవు పేలిక తీసుకోవాలి. నిలువునా సగానికి మడవాలి. మడత పైకి ఉంచి, కింది అంచున సూదిని పైకీ కిందికీ పోనిస్తూ కుట్టి దారం లాగాలి. గుడ్డ కుచ్చులు పడుతుంది. దాన్ని గుండ్రంగా చుట్టి అడుగున నాలుగు కుట్లు వెయ్యాలి. మడత బయటికి ఉంటుంది కాబట్టి పోగులు ఊడవు.

పాతచీర అంచు 39 అంగుళాలు తీసుకుని, రెండు కొసలా రెండేసి అంగుళాలు మడిచి ఉచ్చులు కుట్టారు. దానికి వరసగా 9 ఆకులు, ప్రతి సందులో ఒక పువ్వు కుట్టారు. మేకులకి తగిలించారు. పిల్ల చప్పట్లు కొట్టింది.

దీపావళి నాడు మాత్రం జాగ్రత్త. గుమ్మం దగ్గర ప్రమిదలు పెట్టే ముందే గుడ్డ తోరణం తీసెయ్యాలి. నూలుగుడ్డ మంట అందుకుంటుంది. పాలిస్టరు, నైలాను అంతకంటే ప్రమాదం. అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. టైలరు ఇచ్చిన ముక్క ఏ రకమో తెలియకపోతే, పిల్లల్ని దూరంగా పంపి, పళ్ళెం మీద ఒక్క పోగు పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడాలి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టరు, నైలాను ముడుచుకుని గట్టి పూసలా అవుతాయి.

పండగ అయ్యాక గంజి పోయేలా ఉతికి దాచాలి. గంజితో దాస్తే బూజు పడుతుంది.

పక్కింటి ఆమె వచ్చి చూసింది. "రెండోది నాకివ్వు వదినా, ఎంత?" అంది. కోడలు లెక్క చెప్పింది. "మొత్తం 50 అయింది. రెండు తోరణాలు. ఒక్కోటీ 25 వదినా."

లోపలి నుంచి అత్త వచ్చింది. "మన ఇద్దరి రెండు మధ్యాహ్నాల కూలి ఏదే?" అంది.

కోడలు నాలుక కరుచుకుంది. పలక తుడిచి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

లెక్క చెయ్యండి

1. మీ గుమ్మం వెడల్పు మూరతో కొలవండి. తర్వాత టేపుతో కొలవండి. ఎంత తేడా వచ్చింది?

2. గుమ్మం 43 అంగుళాలైతే ఎన్ని ఆకులు కావాలి? ఎన్ని పువ్వులు కావాలి?

3. మీ ఊళ్ళో ఒక పూట కూలి ఎంత? అది కలిపితే కోడలు ఆ తోరణానికి ఎంత చెప్పాలి?